గౌరవ్వ పేరులో ఆఖరి వ

కామారెడ్డిలోని ఆ చిన్న కంటి ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన టోకెన్ యంత్రం రోగులను పేరు పెట్టి పిలుస్తుంది. మనుషులే ఒకరినొకరు పేరుతో పిలుచుకోవడం మానేసిన కాలంలో అదీ ఒక మర్యాదే. కౌంటర్లో పేర్లు కొట్టే సాయిలతకు మాత్రం అది తలనొప్పి తెచ్చిపెట్టింది.

ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి వస్తున్న గౌరవ్వకు ఎడమ కన్ను ఏనాడో పోయింది. కుడి కంట్లో మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది. ఈ వారం దాటితే ఆ చూపూ దక్కదని డాక్టర్ ఖండితంగా చెప్పాడు. అయినా రెండు రోజులుగా ఆమె బెంచీ మీదే ఉంటోంది, యంత్రంలో మాత్రం ఆమె ‘లోపలికి వెళ్లారు’ అని పడుతోంది. యంత్రం వెళ్లిందన్నాక ఎదురుగా ఉన్న మనిషి మాట ఎవరు నమ్ముతారు? రేపు రమ్మని పంపేస్తున్నారు.

“పిలిస్తె పలకవేందవ్వా? చెవులు గూడ పోయినయా?” అని మూడో రోజు విసుక్కుంది సాయిలత.

“నన్నెవలు పిలిచిండ్రు బిడ్డా? గౌరవ్ అని పిలిచిండ్రు. నా పక్కన కూసున్న పోరడు లేచి లోపటికి పోయిండు.”

తెర మీద చూస్తే నిజమే. గౌరవ్వ కాస్తా గౌరవ్ అయి కూర్చుంది. యంత్రం అమర్చిన దేవేందర్‌కు సాయిలత స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

“పేరుకు పదిహేను బైట్ల జాగనే ఇచ్చిన చెల్లె,” అన్నాడతను. “ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు సాలు. మన తెలుగుల ఒక్కోదానికి మూడు. గ, దాని ఔత్వం, ర, వ, పొల్లు, మళ్ల వ. ఆరు మూళ్లు పద్దెనిమిది. ఆఖరి వ పట్టక తెగి పడ్డది. ఇప్పుడే జాగ పెంచుత, మళ్ల కొట్టు.”

తెలుగువాళ్ల కోసం పెట్టిన యంత్రంలో తెలుగు పేరే పట్టదట! సాయిలతకు నవ్వొచ్చింది. కానీ లోపలికి పోయిన ఆ పోరడెవడు? లోపలి నర్సునడిగితే ఎవరూ రాలేదంది. కెమెరాలో నిన్నటి దృశ్యం తీసి చూసింది. యంత్రం పిలిచినప్పుడు గౌరవ్వ పక్క చోటు ఖాళీగానే ఉంది. అయినా ఆమె కాళ్లు ముడుచుకుని ఎవరికో దారి ఇచ్చింది. సాయిలత లేచి గౌరవ్వ దగ్గరికి వెళ్లింది.

“ఎట్లున్నడవ్వా ఆ పోరడు?”

“మసక మసకగ కనవడ్డడు. ముక్కు మా ఇంటి ముక్కే.” గౌరవ్వ గొంతు తగ్గించింది. “నా మొదటి కొడుకు పుట్టిన పదకొండో దినం పోయిండు. ఇరవై ఒకటో దినం తొట్టెల ఏసి పేరు పెడ్దమనుకున్నం. పేరు లేకుంటనే మట్టిల పెట్టినం. ఏమని పిలిచి ఏడ్వాలె బిడ్డా? గిన్నేండ్లకు ఒక పేరుతోని పిలిస్తె లేసిండు. ఆ వ పెట్టకు.”

“మరి నీ కన్ను?”

“పోతె పోనీ.” ఆమె సాయిలత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లేనివాడి పేరు కోసం ఉన్న మనిషి గుడ్డిదైపోవాలా? సాయిలతకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి విడిపించుకుని కౌంటర్లోకి వెళ్లి వ కొట్టింది. యంత్రం గౌరవ్వ అని స్పష్టంగా పిలిచింది. గౌరవ్వ లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు ఆపరేషన్ కట్టు విప్పారు. ఆమె నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది. సాయిలత బొట్టు, గోడ మీది బల్లి, రోడ్డు మీద ఆటోలు, అన్నీ కనబడుతున్నాయట.

“ఇగ ఆన్ని మంచిగ సూస్త. ఒక్కసారి ఆ అక్షరం తీసెయ్యి బిడ్డా.”

ఈసారి సాయిలత కాదనలేకపోయింది. ఆఖరి వ తుడిచేసింది.

“గౌరవ్,” అని పిలిచింది యంత్రం.

బెంచీ మీద నుంచి ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆపరేషన్ గది తలుపు దానంతటదే తెరుచుకుంది. ఒక మనిషి దాటేంతసేపు ఆగి మూసుకుంది.

గౌరవ్వ ఇంకా బెంచీ మీది ఖాళీ చోటు వైపే రెప్ప వేయకుండా చూస్తోంది.

“ఇంక లేస్తలేడేంది బిడ్డా?”