ఆ పూట నాలో ఉన్న నూనె

నేను ఒక స్టీలు నూనె డబ్బాను. పొయ్యి పక్కన ఉండాల్సిన నేను ఇప్పుడు విశాఖలో ఒక ఆస్పత్రి వరండాలో, పిల్లతోపాటు నన్నూ పట్టుకొచ్చిన ఈశ్వరరావు ఒళ్లో ఉన్నాను. తలుపు అవతల అతని ఆరేళ్ల కూతురు మేధ ఊపిరి అందక కొట్టుకుంటోంది. పెదవులు వాచిపోయి, కళ్లు మూసుకుపోయాయి.

"ఏం తిన్నది?" డాక్టరు బయటికొచ్చి అడిగాడు.

"కీరా, క్యారెట్ ముక్కలండీ. పైన నిమ్మరసం, చెంచాడు పొద్దుతిరుగుడు నూనె." చెప్పింది తల్లి హైమ. "పిల్లకి పల్లీలు పడవు. మా గడప లోపలికి ఒక్క గింజ రానివ్వను."

"ఇది మాత్రం అచ్చం పల్లీలు తిన్నట్టే ఉంది. ఇంజెక్షన్ ఇచ్చాం. దేనివల్లో తెలియకపోతే ఇంటికెళ్లాక మళ్లీ అదే పెడతారు. ఈసారి ఇక్కడిదాకా తేలేకపోవచ్చు."

"పచ్చి నూనె పోసి పిల్లకి పెడతారా ఎక్కడైనా?" అత్తగారు వరహాలమ్మ విరుచుకుపడింది. "కాచి పెట్టుంటే ఇంతదాకా వచ్చేదా, మహాతల్లీ!"

నాకు మతిపోయింది. రోజూ ఆవకాయన్నంలో పచ్చి నూనె ధారగా పోసుకునేది ఈవిడే!

నా కథ కొంచెం వినండి. రేకుగా పుట్టి, ప్రెస్సు కింద నలిగి డబ్బానయ్యాను. మొదట పునుగుల బండి సత్తిబాబు చేతిలో పడ్డాను. కాగి కాగి నల్లబడిన నూనెను చల్లార్చి మళ్లీ నాలోకే వంపేవాడు. కంపు భరించలేకపోయేదాన్ని. అతను బండి ఎత్తేశాక స్టీలు సామాన్లవాడి గంపలో చేరాను. హైమ పాత చీరలిచ్చి నన్ను తెచ్చుకుంది.

అప్పట్నుంచీ నాది రాజభోగం. పప్పులో పోపుకి, చేపముక్కల వేపుడికి, సలాడ్‌కి నేనే. "కొలెస్టరాల్ లేదని రాశారు కదాని గుమ్మరించకూడదు. ఏ నూనైనా కొవ్వే," అనేది హైమ. "అలాగని మానేయకూడదు. కాస్త నూనె తగిలితేనే క్యారెట్‌లో విటమిన్ ఒంటికి పడుతుంది," అంటూ మేధ గిన్నెలో చెంచాడే పోసేది.

ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ చూడకుండా ఒక చెయ్యి నన్ను సింకులో బోర్లించింది. కడిగి, తుడిచి, వేరే నూనె నింపింది. చిక్కగా, కమ్మటి వాసనతో ఉందది. నాకు మూతి ఉంది కానీ మాట లేదే! పడిశంతో ముక్కు మూసుకుపోయిన హైమ ఈ పూట ఆ నూనే పోసింది. నేను ఒలికిపోదామనుకున్నాను. కుదరలేదు.

ఆ చేతికి మేధంటే ప్రాణం. నన్ను నిలువునా కోసేస్తున్నది అదే.

"ఇలా తే ఆ డబ్బా!" కోడలి తప్పు తేల్చేద్దామని వరహాలమ్మ నన్ను లాక్కుంది. మూత తీసి వాసన చూసింది. అరచేతిలో ఒక చుక్క వేసుకుని మళ్లీ చూసింది.

"ఇది ప్యాకెట్ నూనె కాదు. గానుగ నూనె. పల్లీలది."

హైమ నాలోకి తొంగి చూసింది. "మనింట్లోకి ఎలా వచ్చింది అత్తయ్యా?"

అప్పుడు నా పక్కనుంచే సన్నటి గొంతు వినిపించింది.

"ప్యాకెట్ నూనె విషమని ఫోన్‌లో చూపించారమ్మా... ఇది వట్టి నూనేగా. ఇందులో గింజెక్కడుంది?"

నర్సు తలుపు తీసింది. "పాపకి ఊపిరి అందుతోంది సార్."

"మంచిది," అన్నాడు డాక్టరు. "ఇంతకీ నూనె మార్చిందెవరు?"

వరహాలమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇందాక కోడలి మీద విరుచుకుపడిన గొంతు కాదది.

"నా కోడలు కాదు బాబూ. నా కొడుకు. ఈశ్వరరావు."