రెండు మూతల లెన్సు డబ్బా

నేను ఒక లెన్సు డబ్బాను. చూడ్డానికి బొమ్మరిళ్లు రెండు పక్కపక్కనే అతికించినట్టు ఉంటాను. రెండు గదులు, రెండు మూతలు. ఒక మూత మీద ఎల్ అని, ఇంకోదాని మీద ఆర్ అని ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎడమ కంటి లెన్సు ఒక గదిలో, కుడి కంటి లెన్సు ఇంకో గదిలో రాత్రంతా సొల్యూషన్‌లో మునిగి నిద్రపోతాయి. నేను మాత్రం మేలుకునే ఉంటాను. నాకు మొదటినుంచీ కుదురు తక్కువ.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికి ఏమీ లేదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోశారు, అచ్చు విప్పేసరికి నేను. నాతోపాటే నాలాంటివి బుట్టలకొద్దీ. మమ్మల్ని విడిగా కొనే నాథుడు లేడు. సొల్యూషన్ సీసా కొన్నవాళ్లకు దాంతోపాటు ఉచితంగా వస్తాం. అలా ఒక అట్టపెట్టెలో సీసాకు ఆనుకుని లారీలు మారి, చివరికి కాకినాడ మెయిన్ రోడ్డులో ఖాదర్ గారి కళ్లద్దాల షాపులో తేలాను.

అక్కడే నన్ను మృదుల చేతిలో పెట్టారు. "కుళాయి నీళ్లతో కడక్కూడదమ్మా. లెన్సులు పెట్టుకుని పడుకోకూడదు. డబ్బాని మూణ్ణెల్లకోసారి మార్చెయ్యాలి," అన్నారు ఖాదర్ గారు. "అలాగేనండి," అని మృదుల బుద్ధిగా తలూపింది. మొదటి రెండూ తు.చ. తప్పకుండా పాటించింది. మూడోది మర్చిపోయింది. నేను ఇన్నాళ్లు బతికానంటే అది ఆమె బద్ధకం పుణ్యమే.

మృదుల ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆమె సైటు మైనస్ ఆరు. లెన్సులు తీసేస్తే ఎదుటి మనిషి మొహం తడిసిన రంగుల కాగితంలా ఉంటుందట. కళ్లద్దాలు ఉన్నాయి, కానీ అవి సీసా అడుగులంత మందం, ఇంట్లో తప్ప పెట్టుకోదు. కటకాల పాఠం రోజున పుటాకార కటకం బొమ్మ బోర్డు మీద గీసి, అలాంటివి రెండు తన కళ్లలోనే ఉన్నాయని పిల్లలకు చెప్పకుండా తనలో తనే నవ్వుకుంటుంది. ఆమె హ్యాండ్‌బ్యాగులో కూర్చుని నేనూ నవ్వుకునేదాన్ని.

ఆమె పెళ్లికీ వెళ్లాను, అదే హ్యాండ్‌బ్యాగులో. హోమం పొగకు లెన్సులు మండిపోయి మృదుల కళ్ల వెంట ధారలు. "అప్పగింతలింకా కానేలేదు, అప్పుడే ఎంత ఏడుస్తోందో పిచ్చితల్లి! పుట్టిల్లంటే అంత ప్రాణం," అని పెద్దమ్మలు ముక్కులు తుడుచుకున్నారు. తలంబ్రాలప్పుడు బియ్యపు గింజ కంట్లో పడుతుందేమోనని గట్టిగా కళ్లు మూసుకుంటే, పెళ్లికూతురికి ఎంత సిగ్గో అన్నారు. అసలైన అప్పగింతల వేళకు పొగ తగ్గింది, కళ్లు ఆరాయి. మనుషులు కన్నీళ్లకు కారణాలు వెతుక్కోవడంలో ఎంత తొందరపడతారో అప్పుడు తెలిసింది నాకు.

పెళ్లికొడుకు కిరీటి పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. మనిషి పొడుగు, నవ్వు అంతకన్నా పొడుగు. పెళ్లయిన కొత్తలో ఒక ఉదయం, మృదుల ఇంకా నా మూత తిప్పకముందే, ఆమె ఎదురుగా నిలబడి, సైటున్న వాళ్లను లోకమంతా అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఇవెన్ని వేళ్లో చెప్పు?"

"వేళ్లా? నువ్వు చెయ్యెత్తావా ఏంటి?"

అతను మంచం మీద పడి పొర్లి పొర్లి నవ్వాడు. ఆమె దిండు విసిరింది. అది అతనికి తగల్లేదు, కిటికీకి తగిలింది. దానికి ఇద్దరూ మళ్లీ నవ్వారు. గదిలో భర్తను నువ్వు అనే మృదుల, అత్తగారి ముందుకు రాగానే మీరు అంటుంది. అది విన్నప్పుడల్లా కిరీటి నా వైపు చూసి కన్ను కొట్టేవాడు. నా వైపు కాదు, అద్దం వైపు. అద్దం కింద అరలో ఉండేది నేను.

ఆ ఇంట్లోకి లేజర్ అనే మాట తెచ్చింది కిరీటే. "మా ఆఫీసులో ఒకడు చేయించుకున్నాడు. పొద్దున వెళ్లాడు, సాయంత్రానికి వచ్చేశాడు. మర్నాడు కళ్లద్దాల్లేకుండా పేపరు చదివాడు. నువ్వూ చేయించుకో. ఉప్పాడ బీచికెళ్తే నీళ్లలో దిగవు, వాన పడితే బయటికి రావు, బండి మీద కళ్లలో దుమ్మంటావు..." మృదుల అతని నోరు చేత్తో మూసింది. మూసింది గానీ, ఆ మాట ఆమెలోకి దిగిపోయింది.

అత్తగారు సత్యవేణికి ఈ సంగతి తెలియగానే గుండె దడ పట్టుకుంది. "కళ్లతో ఆటలేంటే అమ్మా! ముక్కు మీద రెండు మచ్చలు పడతాయన్న మాటే గానీ, కళ్లద్దాలు చేసిన ద్రోహం ఏముంది?"

అప్పటినుంచి మొదలైంది నా అశాంతి. మృదులకు పొద్దుట ఒక మనసు, సాయంత్రం ఒక మనసు. పొద్దుట లెన్సులు పెట్టుకోగానే లోకం తళతళమంటుంది. అద్దంలో తనను తాను చూసుకుని, "ఇంత చక్కగా కనపడుతుంటే కోత దేనికి?" అనుకుంటుంది. సాయంత్రం కాలేజీ నుంచి ఎర్రటి కళ్లతో వచ్చి, ఇసుక పోసినట్టున్న లెన్సులను నాలో పడేస్తూ, "రేపే వెళ్లి చేయించేసుకుంటాను," అంటుంది. పొద్దుట వంటింట్లో అత్తగారి పక్కన నిలబడేది కాబట్టి ఆమెకు పొద్దుటి మాట చెప్పేది. రాత్రి గదిలో భర్తకు సాయంత్రం మాట చెప్పేది. కోడలు తన పక్షమేనని తల్లి ధీమా, భార్య తన పక్షమేనని కొడుకు ధీమా. రెండు మాటలూ విన్నదాన్ని నేనొక్కదాన్నే.

అసలు మాట ఆమె ఇద్దరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం అద్దానికి మరీ దగ్గరగా వంగి మెల్లగా అంది: "ఏదన్నా తేడా వచ్చి వెనక బెంచీ పిల్లల మొహాలు కనపడకపోతే నేను పాఠం ఎవరికి చెప్పను?" వెంటనే, "కానీ కళ్లు తెరవగానే గోడ మీద గడియారం కనపడితే ఎంత బాగుంటుందో," అంది. ఒకే ఊపిరిలో భయం, కోరిక. నాకూ అంతే. లేజర్ అయితే నేను చెత్తబుట్టకు. కాకపోతే ఆమె ఎర్రటి కళ్లు నేనే రోజూ చూడాలి. ఏది కోరుకోవాలో తెలియక రెండు గదుల్లోనూ నాకు నిలకడ లేదు.

చివరికి, పరీక్ష చేయించుకోవడంలో తప్పేముంది అని అపాయింట్‌మెంటు తీసుకున్నారు. పరీక్షకు ముందు రెండు వారాలు లెన్సులు పెట్టుకోకూడదన్నారు ఆసుపత్రివాళ్లు. కంటి ముందు పొర, కార్నియా, తన అసలు ఆకారానికి రావాలట. దాంతో మృదుల సీసా అడుగుల కళ్లద్దాలతో కాలేజీకి బయల్దేరింది. నన్ను లెన్సులతో సహా భోజనాల గది మూల వాష్‌బేసిన్ పైనున్న అరలోకి మార్చింది.

ఇక్కడ ఇంకో విచిత్రం. లేజర్ లేజర్ అని పాడిన కిరీటి, కళ్లద్దాల మృదులను చూసి చూసి మనసు మార్చుకున్నాడు. "ఏయ్, నువ్వు వేరే మనిషిలా ఉన్నావు. నాకిప్పుడు ఇద్దరు పెళ్లాలు!"

"అత్తయ్యా, మీ అబ్బాయి చూడండి ఏమంటున్నారో!"

"వాడి మొహం. నిజంగా లెక్చరర్‌లా ఉన్నావమ్మా."

"లెక్చరర్‌నే కదత్తయ్యా!"

శ్రావణ శుక్రవారం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం. మృదులకు కాలేజీలో ఒంటిపూట పని, మధ్యాహ్నానికి వచ్చేస్తానని వెళ్లింది. పేరంటాళ్లు వాకిట్లోకి వచ్చేస్తున్నారు. సత్యవేణి చేతిలో వెండి కుంకుమ భరిణె. దాని మూత బిగుసుకుపోయి ఎంత తిప్పినా రావడం లేదు. "ఇవాళే పట్టుకోవాలా నీకు మొండితనం!" అని దాన్ని తిట్టి, చేతులు కడుక్కోడానికి వాష్‌బేసిన్ దగ్గరికి వచ్చింది. తలెత్తింది. నన్ను చూసింది.

రెండు గదులు, రెండు మూతలు. పసుపుకు ఒకటి, కుంకుమకు ఒకటి.

ఆమె కళ్లు మెరిశాయి. మూత తిప్పింది. "ఇదేంటి, నీళ్లు నిలవుంచారు! దోమలు గుడ్లు పెట్టవూ?" అని రెండు గదులూ సింకులోకి బోర్లించింది. నాలో నిద్రపోతున్న లెన్సులు చప్పుడు చేయకుండా జారిపోయాయి. నేను అరవగలిగితే కాకినాడంతా వినపడేలా అరిచేదాన్ని. ఖాదర్ గారు వద్దన్న కుళాయి నీళ్లతోనే నన్ను శుభ్రంగా కడిగి, కొంగుతో తుడిచి, ఒక గదిలో పసుపు, ఇంకో గదిలో కుంకుమ నింపింది.

నిజం చెప్పొద్దూ, ఆ కాసేపూ నేను పొంగిపోయాను. పట్టుచీరల మధ్య, తాంబూలాల మధ్య తిరిగాను. ఎంతమంది నుదుళ్లో, ఎన్ని గాజుల చప్పుళ్లో! పక్కింటి భ్రమరాంబ గారు నన్ను చేతిలోకి తీసుకుని, "భలే ఉందండీ భరిణె! ఎల్ అంటే లక్ష్మి. మరి ఆర్ ఏంటి?" అంది.

"మా ఆయన పేరు రాంబాబు కాదూ!" అంది సత్యవేణి, క్షణం తడుముకోకుండా.

సరిగ్గా అప్పుడే మృదుల వచ్చింది. కళ్లద్దాలు ఆవిరి పట్టినట్టున్నాయి, తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. భ్రమరాంబ గారి చేతిలో నన్ను చూసింది.

"అత్తయ్యా... ఇందులో ఉన్నవి?"

"నీళ్లా? పారబోశానమ్మా."

"నీళ్లు కాదు. నా లెన్సులు."

సత్యవేణి పీట మీద కూలబడిపోయింది. "ఓరి నాయనో, పండగ పూట కోడలి కళ్లు పారబోశాను!" ఆమె ఏడుపు నిజం ఏడుపు, ఇందులో హోమం పొగ లేదు. పేరంటాళ్లంతా సింకు దగ్గరికి పరుగెత్తారు, లోపల చెయ్యి పెట్టి వెతికితే దొరుకుతాయేమోనని.

మృదుల మొదట నవ్వింది. తర్వాత అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చేతులు తన చెంపలకు ఆనించుకుంది. "అవి నా కళ్లు కాదత్తయ్యా. ఇవిగో, నా కళ్లు ఇక్కడే ఉన్నాయి. ముట్టుకుని చూడండి." అని హఠాత్తుగా ఆగిపోయింది. తన మాట తనకే కొత్తగా వినపడ్డట్టు. ఆ మొహంలో ఏం మెదిలిందో చదివేలోగా నన్ను తీసుకెళ్లి పూజగదిలో పెట్టేశారు.

వెండి భరిణె మూత తర్వాత నూనె రాస్తే వచ్చింది గానీ, నన్ను మాత్రం అక్కణ్ణుంచి కదపలేదు. అమ్మవారి ముందు వాడిన దాన్ని మళ్లీ సింకు దగ్గర పెడతారా? నాకు గౌరవం పెరిగింది, సమాచారం తెగిపోయింది. ఆమె అద్దం ముందు ఏమనుకుంటోందో ఇక నాకు వినపడదు. అగరొత్తుల పొగలో కూర్చుని హాల్లోంచి వచ్చే మాటల ముక్కలు ఏరుకోవడమే.

పరీక్ష రోజు సాయంత్రం మృదుల నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చింది. అయిపోయింది, నాకు చెప్పకుండా చేయించేసుకుంది అనుకున్నాను. కాదట. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేశారట. డాక్టరమ్మ చెప్పిందంతా కిరీటి తన తల్లికి అప్పజెప్పాడు: "చెయ్యొచ్చంట. చెయ్యకపోయినా నష్టం లేదంట. కొన్నాళ్లు కళ్లు పొడిబారతాయంట, రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనపడొచ్చంట. నలభై దాటాక చదువుకోడానికి ఎలాగూ అద్దాలొస్తాయంట. అయినా అమ్మా, ఈ అద్దాలే బాగున్నాయి కదా?"

"నువ్వూరుకో," అంది సత్యవేణి. "అమ్మాయ్, వాడి మాట వినకు. నా మాటా వినకు. ఇద్దరం చక్కగా కనపడే కళ్లు పెట్టుకుని నీకు సలహాలిస్తున్నాం."

మృదుల ఆపరేషనుకు రోజు తీసుకుంది. "అక్కడికెళ్లాక కూడా వద్దనిపిస్తే కుర్చీలోంచి లేచి వచ్చేస్తా," అంది. ఆ మాటతో ఇంట్లో అందరికీ నా కుదురులేని జబ్బే పట్టుకుంది. కిరీటి పూజగది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లేవాడు. సత్యవేణి ఒకే దీపంలో వెంటవెంటనే రెండుసార్లు నూనె పోసింది.

ఆపరేషను రోజు మృదుల, కిరీటి పొద్దున్నే వెళ్లారు. మధ్యాహ్నం దాటాక ఆటో ఆగిన చప్పుడు. సత్యవేణి నన్ను చేతిలోకి తీసుకుని గుమ్మంలోకి పరుగెత్తింది. మృదుల మొహాన మళ్లీ నల్ల కళ్లద్దాలు. ఈసారి నేను మోసపోదలచుకోలేదు.

సత్యవేణి అలవాటుగా నా కుంకుమ గది మూత తిప్పి, ఉంగరపు వేలు ముంచి, కోడలి నుదుటి దాకా ఎత్తింది.

"చేయించేసుకున్నానత్తయ్యా," అంది మృదుల.

వేలు గాల్లోనే ఆగిపోయింది.

"భయం వెయ్యలేదా?"

"వేసింది. ఇప్పుడూ వేస్తోంది. భయం పోయాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లనని వెళ్లిపోయా."

సత్యవేణి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. వేలికున్న కుంకుమను నా అంచుకే తుడిచేసి, మూత బిగించింది.

"ఏంటమ్మా, బొట్టు నుదుటికే కదా," అన్నాడు కిరీటి.

"నోర్మూసుకోరా. గాలేస్తోంది. ఒక్క రేణువు కంట్లో పడిందంటే? అమ్మవారు నాలుగు రోజులు ఆగుతుంది గానీ, నువ్వు పిల్లని లోపలికి తీసుకురా."

ఎన్నో రాత్రులు ఆ కళ్ల కోసం నా మూతలు బిగించారు. ఇంత గట్టిగా ఎవరూ బిగించలేదు.

మర్నాడు ఉదయం మృదుల పూజగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు, పొగ తగలకూడదు. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. వాటి మీద ఏ అద్దమూ లేదు. నా దగ్గర తీసుకున్నదేదీ వాటిలో లేదు. దీపాన్ని చూసింది, పటాలను చూసింది. చూపు నెమ్మదిగా దిగి నా మీద ఆగింది.

"అత్తయ్యా," అని గుమ్మంలోంచే పిలిచింది, "డబ్బా అంచుకి కుంకుమ అంటుకుపోయింది. తుడవరూ?"