నా బుడిపెల జోలికి రాకండి

నేను ఒక కళ్లద్దాన్ని. జతలో ఎడమదాన్ని. పేరుకే అద్దం, ఒళ్లంతా ప్లాస్టిక్కే. అయితే ఏం? తొమ్మిదేళ్ల లాలిత్య ఎడమ కంటి ముందు పది నెలలుగా నిలబడి ఉన్నాను. నా ఒంటి నిండా పొక్కులున్నాయని, నేను రెండో రకం సరుకునని ఈ ప్రొద్దుటూరులో ఒక పెద్దమనిషి తీర్మానించాడు. ఆయన సంగతేమిటో తేల్చడానికే నోరు తెరిచాను. వినండి.

నేను తయారైన చోటే మామూలు అద్దాలూ తయారవుతాయి. అవి ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నగా ఉంటాయి. నాకు నడిమధ్య కాస్త మేరే నునుపు. దాని చుట్టూ వలయాలుగా, కంటికి ఆనీ ఆనని బుడిపెలు వందల్లో ఉంటాయి. అవి ఊరికే రాలేదండీ! పిల్లలకు సైటు పెరగడమంటే చాలాసార్లు కనుగుడ్డు ఉండాల్సినదానికంటే పొడుగ్గా సాగిపోవడమే. మామూలు అద్దం బొమ్మను స్పష్టంగా చూపించి చేతులు దులుపుకుంటుంది. గుడ్డు సాగితే సాగనీ, దానికేం పట్టింది? నేనలా కాదు. నడుమ నుంచి బోర్డు మీది అక్షరాలు చూపిస్తూనే, బుడిపెల గుండా వచ్చే వెలుగును కంటి వెనక పొరకు కాస్త ముందే పడేస్తాను. ‘చాలు, ఇంక సాగకు’ అని కంటికి నేను చెప్పే తీరు అది. ఉన్న సైటును తగ్గించలేను, ఆ గొప్పలు నాకొద్దు. పెరిగే జోరుకు కళ్లెం వేస్తాను. అదీ పొద్దస్తమానం పెట్టుకుంటేనే.

ఇక ఆ పెద్దమనిషి. లాలిత్య వాళ్ల నాన్న మౌనాచారి, బంగారు పనివాడు. ఉంగరం మీద ఆవగింజలో సగం గరుకున్నా ఊరుకోడు. సైటు మైనస్ పదమూడు. అంత సైటు మూలానే మూడేళ్ల కిందట ఒక కంట్లో వెనక పొర ఊడింది. ఆపరేషన్ చేసినా ఆ కంటికి నీడలే మిగిలాయి. కూతురికి రెండు కళ్లకూ మైనస్ రెండు వచ్చిందన్న రోజు ఆయన ముద్ద ముట్టలేదట. “నా మాదిరి కాకూడదు పాప” అని ఒకటే మాటట. అందుకే వాళ్లావిడ ఈశ్వరమ్మ పాపను కడప కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని రాసిచ్చింది. ఆ ఇంట్లో ఆ పిల్ల కళ్ల కోసం ఆయనంత బెంగపడ్డవాళ్లు ఇంకొకరు లేరు. ఆ మాట కూడా నేనే చెప్పాలి, తప్పదు.

వచ్చిన మొదటి ఆదివారం. ఈశ్వరమ్మ దొడ్లో పాపకు తలంటుతోంది. మేము ఆచారి పని పీట మీద ఉన్నాం. ఆయన భూతద్దం కంటికి బిగించి మమ్మల్ని వెలుతురుకు పెట్టి చూశాడు. మొహం మాడిపోయింది.

“ఏందిది! అద్దమంతా పొక్కులే! ఆడమనిషి ఒంటరిగా పోయిందని రెండో రకం అంటగట్టినారు నా కొడుకులు!”

పదడుగుల దూరంలో పెళ్లాం ఉంది. ‘ఇవేంటి?’ అని ఒక్క ముక్క అడిగితే డాక్టరమ్మ చెప్పిందంతా ఆమె అప్పజెప్పేది. అడిగాడా? అబ్బే! ముప్పై ఏళ్లుగా పొక్కులు తీసిన చేతులాయె. మమ్మల్ని ఫ్రేములోంచి ఊడదీసి, మెరుగు పెట్టే మోటారు ఆన్ చేసి, కుడిదాన్ని దానికి ఆనించాడు.

రెండు నిమిషాల్లో బుడిపెలు పోయాయి. మూడో నిమిషంలో అద్దం మసకేసింది. ఇంకా రుద్దాడు. ఇంకా మసకేసింది. ఆయన నుదుట చెమట పట్టింది. పక్కనే పడున్న నేను మాత్రం ‘రావయ్యా, నా మీదికీ రా, చూస్తా’ అనుకున్నాను. నిజం చెప్పనా, అది ఉత్త బింకమే. కానీ ఆయనకే ధైర్యం చాలలేదు. మోటారు ఆపేసి, ‘స్క్రూ ఊడింది, బిగించుకొస్తా’ అని కేకేసి బజారుకు పరుగెత్తాడు. అదే నంబరు మామూలు అద్దం ఒకటి కుడివైపు పెట్టించుకొచ్చాడు. పాప తల ఆరేలోపు అంతా సర్దేశాడు.

పాపకు బోర్డు బాగానే కనిపించింది. ఇంకెవరికి అనుమానం వస్తుంది? ఆరు నెలలకు రమ్మన్నారు, పెళ్లిళ్ల పని మీద పడి పోలేదు. నా పక్కన చేరిన ఆ నున్నటి మహాశయుడు అందంగా మెరుస్తూ కూర్చున్నాడు. పని మాత్రం నేనొక్కదాన్నే చేశాను.

నిన్న కడప పోయాం. ఈసారి ఆచారీ వచ్చాడు. డాక్టరమ్మ యంత్రంలో రెండు కళ్లూ కొలిచింది, మళ్లీ కొలిచింది.

“ఎడమ కన్ను అలాగే ఉందమ్మా, మైనస్ రెండు. కుడిది రెండూ ముప్పావు అయింది. ఇదేంటిలా?” అంటూ మమ్మల్ని ట్యూబులైటు కింద వాల్చి చూసింది. “కుడి వైపుది నేను రాసిన అద్దం కాదే!”

ఈశ్వరమ్మ లేచి నిలబడింది. “మోసం చేసినారా? పసిపిల్ల కండ్లతో ఆటలా? ఎవురిచ్చినారీ అద్దాలు, పిలవండి!” అద్దాలిచ్చిన అమ్మాయి పరుగున వచ్చి, గుమ్మంలోనే బిక్కచచ్చిపోయింది.

ఆచారి నేల చూపులు చూశాడు. చెప్పడేమో అనుకున్నాను. నా మాట వాళ్లకు వినపడేదైతే అక్కడే కడిగేసేదాన్ని.

“ఆ అమ్మాయిని ఏమీ అనొద్దు మే,” అన్నాడు చివరికి పెళ్లాంతో. “పొక్కులనుకొని అరగదీసింది నేనే.”

ఆయన డాక్టరమ్మకు చేతులు జోడించాడు. “కొత్తది పెడితే ఆ ముప్పావు మళ్లా తగ్గుతాదా మేడం?”

“తగ్గదండీ. ఇక మీద పెరక్కుండా చూసుకుందాం.”

కుడివైపుకు బుడిపెల అద్దం రాసింది. నన్ను మాత్రం మార్చక్కర్లేదంది. విన్నారా? మార్చక్కర్లేదంది!

తిరుగు బస్సులో ఈశ్వరమ్మ మొహం తిప్పుకొని ముందు సీట్లో కూర్చుంది. లాలిత్య నాన్న పక్కన కిటికీ దగ్గర కూర్చుని ఆట మొదలెట్టింది. ఒక కన్ను మూసుకుని రోడ్డు పక్క బోర్డులు చదవడం. నా గుండా గడగడా చదివింది. ఎడమ కన్ను మూసి, “ఇది రాలే” అంది. ఇంకో బోర్డు. “ఇదీ రాలే నాన్నా.”

“చాలు తల్లీ, ఆపు.”

“నువ్వు చదువు.”

“నాకూ కుడి కంటికి కనపడదు మా.”

పిల్ల మొహం వెలిగిపోయింది. “అయితే నేనూ నీ మాదిరేనా నాన్నా!” అని ఆయన చేతికి చెయ్యి తగిలించింది.

మౌనాచారి కండువా మొహాన కప్పుకుని ఏడ్చాడు. బస్సులో అందరూ చూశారు. నాకు జాలేసింది, కాదనను. అయినా నేను ఏడవలేదు.

నాన్న మాదిరా? ఎవరు కానిస్తారట! కుడివైపు పోయిన ముప్పావు పోయింది, దాన్ని నేను తేలేను. ఇటువైపు మాత్రం నేనున్నాను. పావు కూడా పోనివ్వను, పందెం.