పలచనైన పప్పు

చోడవరంలోని ఒక సర్కారు బడిలో నూట పది మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది పైడితల్లి. బియ్యం, గుడ్లు ప్రభుత్వమే పంపేది. పప్పు, నూనె, కూరగాయలు మాత్రం ఆమె ముందుగా కొనాలి. తలకు ఇంత అని బిల్లు తర్వాత వస్తుంది. ఆ ఏడు బడి తెరిచిన దగ్గర్నుంచి బిల్లు రాలేదు. ఈలోగా కందిపప్పు కిలో నూట ఇరవై నుంచి నూట ఎనభైకి పోయింది. బిల్లు రేటు పాతదే.

"ఖజానాలో డబ్బుల్లేవంట, పైడితల్లీ," అన్నారు హెడ్మాస్టరు ఫణిశ్రీనివాస్. "మంగళవారం ప్రభుత్వం రిజర్వు బ్యాంకు ద్వారా అప్పు తెస్తుందంట. ముందు జీతాలు, పథకాలు. మన బిల్లు ఆ తర్వాతే."

"ఏ మంగళారం, మేస్టారూ?"

ఆయన హాజరు పట్టీ తిరగేశారు.

కిరాణా కొట్టు సత్తిబాబు జూలై దాకా అరువిచ్చి, ఆగస్టులో చేతులెత్తేశాడు. "అనకాపల్లి షావుకారు నాకే ఇవ్వట్లేదప్పా. రేపు రేటేటో ఆడికే తెల్దు."

అదే వారం ఆమె ఖాతాలో కూతురి చదువు పథకం డబ్బు పడింది. బూట్లకు, ట్యూషన్‌కు అనుకున్న ఆ డబ్బుతో బడికి పప్పు కొంది. మూడు వారాలు గడిచాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు; చెబితే నవ్వుతారని తెలుసు.

డబ్బు అయిపోయాక పప్పులో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. మొదటి రోజు చెంబుడు. వారం తిరిగేసరికి బకెట్టు. ఐదో తరగతి ప్రవల్లిక కంచం పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"పిన్నీ, అడుగునుంచి ఎయ్యి. పప్పు నేదు."

గరిటె అడుగుదాకా ముంచితే పసుపు నీళ్ళే వచ్చాయి. "ఎళ్ళి తిను," అని కసిరి, ఆ పిల్ల మొహం చూడలేక పొయ్యి వైపు తిరిగింది.

సెప్టెంబరు చివర తనిఖీకి వచ్చిన అధికారి పప్పు ఎత్తి పోసి ఫొటో తీశాడు. "పిల్లల నోటి దగ్గర తిండి తినేస్తున్నావా?"

"నా గుంట బూట్ల డబ్బులెట్టి వండేను, బాబూ. అది కూడా రాసుకోండి."

ఆయన రాసుకోలేదు. పక్కనే ఉన్న హెడ్మాస్టరు తల దించుకున్నారు. మర్నాడు ఆమెను తీసేసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ హెడ్మాస్టరు, "నా చేతుల్లో ఏమీ లేదమ్మా," అన్నారు.

"నిన్న నోట్లో మాట కూడా నేకపోయింది గదా, మేస్టారూ."

డిసెంబరులో బిల్లు వచ్చింది, పాత రేటుకే. సత్తిబాబుకు ఇచ్చేసరికి సరిపోయింది. పైడితల్లి బుచ్చయ్యపేట వైపు చెరకు కోతకు వెళ్ళసాగింది. కూలి యాభై పెంచారు. ఒక్క నూనె ప్యాకెట్టుకే ఆ పెరిగింది చాలలేదు.

ఫిబ్రవరిలో పొదుపు సంఘం ఆడవాళ్ళను బస్సులెక్కించి ఒక సభకు తీసుకెళ్ళారు. వేదిక మీద కొత్త పథకం ప్రకటించారు. పక్కన కూర్చున్న దేముడమ్మ పైడితల్లిని మోచేత్తో పొడిచింది. ఇప్పుడు బడిలో వండుతున్నది ఆమే.

"సప్పట్లు కొట్టవే. అందరికీ డబ్బులిస్తారంట."

"ఎక్కణ్ణించి తెస్తారే?"

"అప్పు తెస్తారు. మనకేటి?"

"నీ బిల్లొచ్చిందా?"

చప్పట్లు కొడుతున్న దేముడమ్మ చేతులు ఆగిపోయాయి. "రెండు నెల్లయి రానేదు," అంది మెల్లగా.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చోడవరం వచ్చేదాకా దేముడమ్మ రెండు నెలల పప్పు అరువు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది.