ఇచ్చుగడ్డి ఎవరు నాటారు?

యురక్‌రాహు కొండ మీది మంచు బట్టతల మీది జుట్టులా ఏటేటా వెనక్కి జరుగుతోంది. అది వదిలేసిన చోట మిగిలేవి రాళ్లూ రప్పలూ, బూడిదలాంటి మట్టీ. ఆ ఊరివాళ్లు మందలుగా పెంచే ఒంటెజాతి లామాలు కాదు కదా, వాటి మీది ఈగలు కూడా వాలని నేల. అలాంటి చోట జెనోబియోకి ఓ రోజు లామాలు మేసే ఇచ్చుగడ్డి దుబ్బు ఒకటి కనపడింది.

ఇంకొకడైతే గాలికొచ్చిన గింజ మొలిచిందిలే అనుకుని తన దారిన తాను పోయేవాడు. జెనోబియో అలాంటివాడు కాదు. గాలి వీచినా, ఎవడు ఊదుతున్నాడా అని వెనక్కి తిరిగి చూసే మనిషి. మొలకలో మెలిక వెతికాడు. విత్తు వెనక ఎత్తు ఉందనుకున్నాడు. పేరులోనే ఇచ్చు ఉంది, మరి ఇచ్చిందెవరు? ఆ సంగతీ అక్కడికక్కడే తేల్చేశాడు. పెళ్లాం అన్న తెయోఫిలో!

దానికి కారణం లేకపోలేదు. ఆ ఊళ్లో మంచు దిగిన నేల ఎవరి సొత్తూ కాదు. ఊరి సభలో చెప్పి అక్కడ పచ్చిక పెంచినవాడి మందకే మేత హక్కు. చెప్పకుండా దొంగచాటుగా నాటితే వాడి మంద మళ్లీ అటు అడుగు పెట్టకూడదు. జెనోబియోకి ఇప్పుడు ఆ మేత చావుబతుకుల సంగతి. కొత్తగా బయటపడ్డ ఖనిజపు రాళ్ల మీంచి పారి వాగు నీళ్లు తుప్పురంగుకి తిరిగాయి. ఆ నీళ్లకి అతని చిత్తడి బీడు మాడిపోయింది. లామాల డొక్కలు లోపలికి పోయాయి. ఎక్కడో ఒకచోట మేత దొరక్కపోతే మంద అమ్ముకుని వారాస్ పట్నంలో ఇటుకలు మోసుకోవాలి. తెయోఫిలో బీడు కూడా ఆ వాగు పక్కదే. గతి ఒకటైనవాళ్లకి మతి కూడా ఒకటే అవుతుందని జెనోబియో లెక్క.

"మీ అన్న కొండ మీద గడ్డి నాటుతున్నాడే," అన్నాడు ఆ సాయంత్రం వేయించిన మొక్కజొన్న నములుతూ.

"మా అన్నా?" అంది ఇలారియా. "ఇంటి పక్కన బంగాళాదుంప పాతడానికే నడుం నొప్పంటాడు!"

"అదీ ఎత్తంటే! కింద నడుం నొప్పి, పైన నాట్లు."

"నీ బుర్రలో పడితే చాలయ్యా, రాయి కూడా మొలకెత్తుతుంది."

మర్నాడే జెనోబియో కాపలాకి బయల్దేరాడు. ఊరికే పోతే జనం అనుమానిస్తారు కదా! అనుమానం తన ఒక్కడి హక్కు అనుకున్నాడేమో, సాకుగా మందను కూడా తోలుకుపోయాడు. కింది బీడులో ఎండుగడ్డి తిన్న లామాల్ని రాళ్ల మీద వదిలేసి, ఒక బండ చాటున నక్కాడు. కాసేపటికి ఎదురుబండ చాటు నుంచి ఒక టోపీ లేచింది. దాని కింద తెయోఫిలో. అతని వెనక అతని మంద.

"ఏం బావా, ఇంత దూరం వచ్చావ్?" అన్నాడు తెయోఫిలో.

"లామాలకి గాలి మార్పు బావా. మరి నువ్వో?"

"మావాటికీ అదే మందు."

ఇద్దరూ పళ్లు చూపించుకున్నారు. దొంగ దొరికాడనుకున్నాడు జెనోబియో. ఎదుటివాడు కూడా అదే మాట అనుకుంటూ ఉండొచ్చని అతనికి తట్టలేదు.

కింది ఎండుగడ్డితోనే మందల్ని నెట్టుకొస్తుండగా అలా మూడు వానాకాలాలు గడిచాయి. ఇతను అతన్ని చూడ్డానికి వెళ్లేవాడు. ఇతను వెళ్లాడని అతను వచ్చేవాడు. ఏటికేడాది గడ్డి దుబ్బులు పెరిగాయి. వాటి మధ్య నీలిపూల అడవిచిక్కుడు కూడా లేచింది. వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఊరంతా అనేది. ఇక్కడ ఎవరూ వేయకుండానే మొలుస్తోంది. అదే జెనోబియోకి అసలు మంట. పైగా ఆ పచ్చదనమంతా ఒక్కచోటే, ఎవరో కూర్చుని శ్రద్ధగా నాటినట్టు, గుంపుగా ఉంది. గాలి అయితే ఇలా కొలిచి పోస్తుందా?

ఇక లాభం లేదని సభలో ఫిర్యాదు చేశాడు. సభ పెద్ద మార్సెలీనా కర్ర పుచ్చుకుని కొండెక్కింది. ఊరూ వెనకే ఎక్కింది. తీర్పు తమవైపు వస్తే అప్పటికప్పుడే మేపుకుందామని బావలిద్దరూ మందల్ని కూడా తోలుకొచ్చారు.

"వీడే నాటాడు పెద్దమ్మా!" అన్నాడు జెనోబియో.

"నేనా? మూడేళ్లుగా బండ చాటున దాక్కుంటోంది ఎవరు?" అన్నాడు తెయోఫిలో.

"నిన్ను పట్టుకోడానికి!"

"నేనూ నిన్ను పట్టుకోడానికే!"

"చాలు, ఇద్దరూ దొరికారు," అంది మార్సెలీనా. వంగి ఒక దుబ్బు మొదట్లో కర్రతో గుచ్చింది. నల్లటి పాత పెంటికలు పైకి లేచాయి. రెండో దుబ్బు కిందా అవే. చిక్కుడు కిందా అవే.

సరిగ్గా అప్పుడే జెనోబియో ముసలి ఆడలామా మంద విడిచి తాపీగా నడుచుకుంటూ వచ్చింది. పచ్చిక అంచున వెనక్కి తిరిగి తోక ఎత్తింది. దాని వెనక తెయోఫిలో మగలామా, ఆ వెనక ఇంకోటి, వరసలో నిలబడ్డాయి. లామాలకి అదొక మర్యాద. ఎక్కడపడితే అక్కడ కానివ్వవు. అన్నీ ఒకే కుప్ప మీదికి పోతాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లామాలు కాసిన బావలిద్దరికీ ఈ సంగతి తెలియక కాదు. మూడేళ్లూ కళ్లు ఎదురుబండ మీద పెట్టినవాళ్లు లామాల వెనకవైపు ఎప్పుడు చూశారు కనక!

"మొదటి దుబ్బు గాలిదైతే అయ్యుండొచ్చు. ఆపైన ఇవే కింద తిన్న గింజ పైన దించాయి," అంది మార్సెలీనా. "పెంటే పంటైంది. మందల్ని ఇక్కడికి తెచ్చింది మీ కుళ్లు."

జనం నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఇలారియా. జెనోబియో మాత్రం నవ్వలేదు.

"మరి మేత ఎవరికి పెద్దమ్మా?" అన్నాడు.

"నాటింది మీరు కాదు, కాబట్టి దొంగతనం లేదు. సభకి చెప్పి పెంచిందీ లేదు, కాబట్టి హక్కూ లేదు."

వారాస్ ఇటుకలు అప్పుడే జెనోబియో వీపు మీద పడ్డాయి.

ఇలారియా నవ్వు ఆపింది. "పెద్దమ్మా, మందలు రావడం మానేస్తే ఇది మళ్లీ రాయే కదా? ఎవరికి లాభం?"

మార్సెలీనా కర్రని పచ్చిక అంచున పాతింది. "సరే. రెండు మందలూ కలిపే తోలాలి. పూలు గింజ కట్టాకే మేపాలి. ఒకడు రానినాడు రెండోవాడూ మేపకూడదు. ఊరంతా వింటోంది."

అలా జెనోబియోకి మేత దక్కింది. దానితోపాటు బావ కూడా దక్కాడు, పొద్దస్తమానం, పక్కనే.

గింజ రాలిన వారం ఇద్దరూ మందల్ని పచ్చికలోకి వదిలారు. కూర్చోడానికి గాలి తగలని బండ ఒక్కటే ఉంది. ఇద్దరూ దాని కిందే సర్దుకున్నారు. తెయోఫిలో నడుముకున్న సంచి విప్పి, అక్కడివాళ్లు తాంబూలంలా పంచుకుని నమిలే కోకా ఆకులు చాపాడు.

"తీసుకో బావా."

"ముందు నువ్వు నములు."

తెయోఫిలో నమిలి, నోరు తెరిచి చూపించాడు. జెనోబియో సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక ఆకు తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు, వాసన చూశాడు, బుగ్గన పెట్టుకున్నాడు.

ఆకు బాగానే ఉంది. అదే అతనికి నచ్చలేదు.