ఇచ్చానన్న మాట

ఫారాలు నా చేతికివ్వడం ఆయన ఏ రోజు మానేశారో కచ్చితంగా చెప్పలేను.

మాది బైండింగ్ పని. ఇంటి ముందు గదే షాపు. పొడవాటి బల్లకు అటు ఆయన, ఇటు నేను. ఆయన ఫారాలు, అంటే అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలు, మడిచి, వరస సరిచూసి ఇస్తే నేను కుట్టి తిరిగిచ్చేదాన్ని. జిగురు పూసి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించడం ఆయన వంతు. ఇరవై ఆరేళ్ళు కాగితాలు ఆయన చేతిలోంచి నా చేతిలోకే వచ్చాయి. అలాంటిది ఒకరోజు చూస్తే, ఫారాలు బల్ల మీద పెట్టి వేళ్ళతో నా వైపు తోస్తున్నారు.

"చేతికివ్వొచ్చుగా. నాకేమైనా అంటురోగముందా?" అన్నాను నవ్వుతూ.

"అందుతున్నాయి కదా, కుట్టు," అన్నారు. ఆయన నవ్వలేదు.

నా చేతుల సంగతి చెప్పాలి. బాధలో ఉన్న మనిషిని తాకితే నా అరచేయి వేడెక్కుతుంది. ఆ బాధ ఎక్కడుందో, ఎంతుందో తెలిసిపోతుంది. అప్పుడు "నాకిస్తావా?" అని అడగాలి. వాళ్ళు "ఇచ్చాను" అనాలి. నోరు తెరిచి అనకపోతే అది కదలదు. అన్నారంటే వాళ్ళది పోయి నాకొస్తుంది. మా అమ్మమ్మకు ఉండేది, ఆవిడ నుంచి నాకొచ్చింది. బాధ మాయమైపోతుందని అందరూ అనుకుంటారు. మాయమవదు, ఇల్లు మారుతుంది. చిన్నవైతే రెండు రోజులు పడుకుంటే అరిగిపోతాయి. పెద్దవి ఉండిపోతాయి.

"మా ఆవిడ కుడి మోకాలు పాలాయనది. ఎడమ చెవిలో హోరు లెక్కల టీచరుగారిది. నాకు దక్కింది నోరొక్కటే," అని ఆయన వచ్చినవాళ్ళకు చెప్పి నవ్వించేవారు.

"అదీ ఎవరైనా పట్టుకుపోతే బాగుండునని మీ ఆశ," అనేదాన్ని నేను.

ఒక్క సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఇచ్చినవాళ్ళెవరూ మళ్ళీ నా మొహంలోకి సూటిగా చూడరు. పాలాయన నా కుంటి నడక చూసి తల దించుకుని పాలు పోసేవాడు. కొన్నాళ్ళకు తను రావడం మానేసి కూతుర్ని పంపాడు. టీచరుగారు నన్ను చూస్తే రోడ్డుకు అటువైపు వెళ్ళిపోతారు. మంచివాళ్ళే పాపం. నన్ను చూడలేకపోతున్నారు, అంతే.

కిందటేడు వడ్రంగి కూతురికి ఊపిరాడలేదు. ఏడేళ్ళ పిల్ల, పెదాలు నీలంగా మారిపోయి ఉంది. తీసుకున్నాను. పదకొండు రోజులు మంచం దిగలేదు. గుండె దెబ్బతిందని, ఇలాంటిది ఇంకొకటి వస్తే తట్టుకోదని డాక్టరు ఆయనకు చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన నా మంచం పక్కన కూర్చుని, "ఇక చాలు, మానెయ్," అన్నారు.

"గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పొమ్మనమంటారా?"

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఫారాలు తోయడం మొదలైంది. తర్వాత పడక షాపులోకి మారింది. నా గురకకు నిద్ర పట్టడం లేదట. కాగితం కట్టల మధ్య చాప వేసుకుని పడుకునేవారు. అన్నం వడ్డిస్తుంటే కంచం అందుకోకుండా కింద పెట్టమనేవారు. చెప్పిన మాట వినలేదని కోపమనుకున్నాను. తర్వాత అంతకంటే పాడు ఆలోచన వచ్చింది. నా ఒంట్లో ఊరందరి జబ్బులూ ఉన్నాయి. కట్టుకున్నవాడికైనా వెగటు పుట్టదా?

వెనక వాటాలో ఉండే మా వదినతో, అంటే ఆయన అక్కగారితో, ఆ మాటే అన్నాను.

"వాడికి వెగటా? మొదటిసారి నువ్వు చేసిన ఉప్పు కషాయంలాంటి పప్పు మారు వడ్డించుకుని తిన్నాడు. వాడికి ఆ గుణమే లేదమ్మాయ్," అంది ఆవిడ.

"అయితే మీరే అడగండి వదినా."

ఆవిడ అడిగింది. "మీ ఆడవాళ్ళకి పనిలేదు," అన్నారట.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. నేనూ పంతం పట్టాను. కుట్టినవి ఆయన ముందు పడేసేదాన్ని. పట్టనట్టుండేవారు. చొక్కా వదులైతే, వయసు మీద పడుతోందనుకున్నాను.

ఒకరోజు పొద్దున కాలేజీ రిజిస్టర్లు బిగిస్తున్నారు. ప్రెస్సు పిడి సగం తిప్పి అలాగే దాని మీద వాలిపోయారు. పరిగెత్తి వెనకనుంచి రెండు చేతులా పట్టుకున్నాను. కాలుతున్న పెనం మీద అరచేతులు పెట్టినట్టయింది.

పక్కటెముకల కింద. పెద్దది. పాతది.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

ఆయన నా చేతులు విడిపించుకుని నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నారు. "కిందటేడు వానల నుంచి."

"ఆసుపత్రికి?"

"రెండు నెలల కింద వెళ్ళాను. ఆలస్యమైందన్నారు."

"మొదట్లో నన్ను తాకనిచ్చుంటే వేరుశనగ గింజంత ఉండేది. నెల రోజులు పడుకుని లేచేదాన్ని."

"లేచేదానివో లేదో నీకెలా తెలుసు? నాకు తెలీదు. అందుకే," అన్నారు.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఎనిమిది నెలలు ఆయన ముందు విసిరిపడేసిన కట్టలన్నీ గుర్తొచ్చాయి. తర్వాత కూలబడి ఏడ్చాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఆయన పొట్ట మీద చేయి వేసి అడిగేదాన్ని. "నాకిస్తారా?"

"ఇవ్వను. కాఫీ ఇస్తావా?" అనేవారు.

వదిన ఊరుకోలేదు. పిల్లలు లేని మా ఇద్దరికీ ఆవిడే పెద్దదిక్కు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఆయన మంచం పట్టాక తలవైపు కూర్చుని బతిమాలింది. "ఒక్క మాటరా. అది తీసుకుంటానంటోంది కదా. నీకేం పోయింది?"

"అక్కా, తనే పోతుంది."

"నువ్వుంటావు కదరా," అంది వదిన.

అన్న తర్వాతే ఆవిడకు ఆ మాట వినపడింది. నా వైపు తిరగబోయి తిరగలేక, కొంగు నోట్లో కుక్కుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదు. నేనడుగుతున్నదీ అదే కదా.

నలభై రోజులు అడిగాను. కాఫీ జోకు పోయింది. తల అడ్డంగా ఊపడమే మిగిలింది. మందుకు లొంగే దశ దాటిపోయింది. ఒక మధ్యాహ్నం బాధ బాగా ఎక్కువైంది. మంచం పట్టీ పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. నా రెండు అరచేతులూ ఆయన పొట్ట మీద ఉన్నాయి. అలవాటుగా అడిగాను.

"నాకిస్తారా?"

ఆయన కళ్ళు తెరిచారు. ఆ కళ్ళలో ఆయన లేరు. పెదాలు కదిలాయి.

"ఇచ్..."

నలభై రోజులుగా ఎదురుచూసిన మాట. నేను చేతులు తీసేశాను.

రెండో సగం కూడా అన్నారు. స్పష్టంగానే అన్నారు. నా చేతులు అప్పటికి నా ఒళ్ళో ఉన్నాయి. ఎక్కడి బాధ అక్కడే ఉండిపోయింది.

ఎందుకు తీశానని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. అన్నది ఆయన కాదు, ఆయన్ని పిండుతున్న బాధ అని ఒక జవాబు. నాకిచ్చి కోలుకున్నా, నేను లేని బల్ల ముందు ఆయన జన్మంతా తల దించుకుని కూర్చుంటారని ఇంకో జవాబు. రెండూ నిజమే. ఆ ఒక్క క్షణం నాకు చావంటే భయమేసిందన్నది కూడా నిజమే కావచ్చు. ఈ మూడింట్లో ఏది ముందు పుట్టిందో నాకు తెలీదు.

కాసేపటికి ఆయన మూలుగు కొంచెం తగ్గింది. తడిగుడ్డతో మొహం తుడిచాను. నన్ను గుర్తుపట్టారు.

"నేనేమైనా అన్నానా?" అని అడిగారు భయంగా.

"ఏమీ అనలేదు. పడుకోండి."

ఆయన మొహంలో ఎంత నెమ్మది వచ్చిందో. కళ్ళు మూసుకున్నారు. ఇన్ని నెలల తర్వాత తనంతట తానే నా చేయి వెతికి పట్టుకున్నారు. చేయి కాలుతూనే ఉంది. కాలనిచ్చాను.

వదిన తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. వంటగదిలోంచి విందో లేదో తెలీదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అన్నాడా అమ్మాయ్?"

ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. తల దించుకుని దుప్పటి సర్దాను.

"లేదు వదినా. అనలేదు."