వాల్వ్‌లో మిగిలిన నీళ్ళు

“ఐస్ మేకర్ పని నువ్వు చూసెయ్ కావేరీ. పది నిమిషాలు పట్టదు,” అన్నాడు కిరీటి, టీ తాగిన గ్లాసు నా చేతికిస్తూ.

గంట పడుతుంది. నేను, మా ఆయన, మా పాప ఇషిత, ముగ్గురం ఉండేది బండిలో. మినీ బస్సులో మంచం, సింకు, పొయ్యి, ఫ్రిజ్ పెట్టించి దాన్ని ఇల్లన్నాడు కిరీటి. ఆ ఫ్రిజ్‌లో దానంతటదే ఐస్ చేసే పెట్టె ఉంది. చలి ప్రాంతానికి వెళ్ళేముందు దాన్లో నీటిబొట్టు లేకుండా తియ్యాలి. సింకు కింద కుళాయి కట్టాలి, పంపు ఆపాలి. ఫ్రీజర్‌లో పెట్టె పక్కనున్న తీగ పైకెత్తితే అది ఐస్ చెయ్యడం మానేస్తుంది. ఉన్న ఐస్ పారబోసి ట్రే తుడవాలి. అప్పుడు బయటికొచ్చి ఫ్రిజ్ వెనక రేకు విప్పాలి. దానికి ఆరు స్క్రూలు. లోపల అరచేతిలో పట్టే ప్లాస్టిక్ వాల్వ్ ఉంటుంది. దాన్లోకి నీళ్ళు తెచ్చే పైపు ఒకటి, దాన్నుంచి ఐస్ మేకర్‌కి వెళ్ళే పైపు ఒకటి. రెండూ విప్పి కింద మగ్గు పెట్టాలి. చివర్న వాల్వ్‌నే ఊడదీసి, వంచి, దులపాలి. దాన్లో రెండు చెంచాల నీళ్ళు మిగులుతాయి. గడ్డకట్టి వాల్వ్‌ని పగలగొట్టేవి ఆ రెండు చెంచాలే. బండి కట్టిన మిస్త్రీ నాకు చూపించాడు. “సర్దీ మే పతా నహీ చలేగా భాభీజీ,” అన్నాడు. పగిలిన సంగతి చలిలో తెలియదు. ఏప్రిల్‌లో నీళ్ళు వదిలినప్పుడు తెలుస్తుంది.

ఆ మిస్త్రీ షెడ్డులోనే బండి పెట్టుకున్నాం. గ్రేటర్ నోయిడాలో ఫ్యాక్టరీల వెనక. డిసెంబరు పద్నాలుగు, ఆదివారం. పొగమంచులో పొద్దున పదకొండింటికి కూడా ఎదుటి గేటు కనబడలేదు. సాయంత్రం నాలుగింటికి హిమాచల్ కొండల్లో ఉన్న స్పీతికి బయల్దేరాలి. అక్కడ మైనస్ ఇరవై. ఆ చలిలో మనిషి కాపురం ఎలా చేస్తాడో చూడాలని కిరీటి యూట్యూబ్ చానల్‌లో నలభై వేలమంది ఎదురుచూస్తున్నారు.

నేను ఎదురుచూస్తున్నది సోమవారం కోసం. ఢిల్లీలో, ద్వారకలో మా ఇషిత చదివిన స్కూల్లో ఐదో తరగతిలో ఒక సీటు ఖాళీ అయింది. నాతో పాటు ల్యాబులో పనిచేసిన భానుమతి కొడుకు అక్కడే చదువుతాడు. తనే చెప్పింది. ఆఫీసుకు ఫోన్ చేశాను. క్లర్కు పాత రిజిస్టరు తీసి పేరు చూసి, “మండే దస్ బజే తక్ రఖ్ సక్తీ హూఁ మేడమ్. టీసీ వాపస్ లే ఆయియే,” అంది. సోమవారం పొద్దున పదింటిదాకా సీటు ఆపుతుంది, ఈలోపు టీసీ తిరిగి తెచ్చివ్వాలి. టీసీ నా బ్యాగులో ఉంది. మార్చిలో దాన్ని తీసుకోవడానికి స్కూలుకి వెళ్ళింది నేనే. కారణం అన్న గడిలో ‘ప్రయాణం’ అని రాసిందీ నేనే.

ఈ సంగతి కిరీటికి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి, “స్కూల్లో ఏం నేర్పుతారు, లైన్లో నిలబడ్డం తప్ప?” అన్నాడు. రెండోసారి, “మళ్ళీ మొదలెట్టకు. ఫ్రీడమ్ విలువ నీకు తెలీట్లేదు,” అన్నాడు. ఆ ఫ్రీడమ్‌లో నా పని ఏమిటంటే, పొద్దున మంచం మడిస్తే తప్ప ఎవరూ కూర్చోలేరు కాబట్టి నేను ముందు లేవాలి. టాయిలెట్ డబ్బా నిండితే పెట్రోలు బంకులో దాన్ని ఖాళీ చెయ్యడానికి బతిమాలాలి. ఢాబా కుళాయి దగ్గర బట్టలు ఉతకాలి. వీడియో తియ్యాలి, రాత్రి కూర్చుని ఎడిట్ చెయ్యాలి. వీడియోలో నా పేరుండదు, ‘మా హోమ్ మినిస్టర్’ అని ఉంటుంది. ల్యాబులో నా సంతకం పడితేనే రిపోర్టు బయటికి వెళ్ళేది. ఆ ఉద్యోగం వదిలేస్తున్నానని చెప్పినప్పుడు మా అత్తగారు కాంతమ్మ ఫోన్లో, “మావాడు దేశమంతా తిప్పుతానంటుంటే ఇంకా రక్తం, ఉచ్చా పరీక్షలు చేస్తానంటావేంటమ్మా? మేం కోటప్పకొండ దాటి ఎరగం,” అంది. నేను నవ్వాను. ఆ నవ్వుని ఆవిడ ఒప్పుకోలు అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

పోయిన వారం పానిపట్ దగ్గర ఢాబాలో ఒకావిడ ఇషితను ఏ క్లాసని అడిగింది. “రోడ్‌స్కూల్, ఆంటీ,” అంది ఇషిత, వాళ్ళ నాన్న నేర్పినట్టు. బండెక్కాక నా చెవిలో అడిగింది. “మమ్మా, మై ఫోర్త్ మే హూఁ యా ఫిఫ్త్ మే?” ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే నాలుగా ఐదా అని లెక్క. పక్కన మనిషి గురక పెడుతుంటాడు, పిల్ల కాళ్ళు నా పొట్టమీద ఉంటాయి. లేచి తిరగడానికి చోటుండదు. లేస్తే బండి ఊగుతుంది, ఊగితే “ఏంటి కావేరీ?” అంటాడు. ఏడవాలన్నా బండి ఆగిన చోట దిగి ఏడవాలి. ఒకసారి అంబాలా దాటాక రోడ్డు పక్కన దిగాను కూడా. లారీ డ్రైవర్లు చూస్తున్నారని తిరిగి ఎక్కేశాను.

పన్నెండున్నరకి పని ముగిసింది. పైపులు రెండూ విప్పాను, వాల్వ్ దులిపాను, ఊది చూశాను, తడి లేదు. అన్నీ బిగించి రేకు పెట్టాను. చేతులు కొంకర్లు పోయాయి. ఇప్పుడు వంట చేసి, కిరీటి తిన్నాక మూడోసారి అడుగుదామనుకున్నాను. అడగడానికి సమయం చూసుకోవడం నాకు అలవాటైంది. తిన్న తర్వాత, బండి నడపని రోజున, వ్యూస్ బాగా వచ్చిన పూట.

“అయిపోయిందా?” అంటూ కిరీటి షెడ్డులోంచి వచ్చాడు. “అదేంటి, షూట్ చెయ్యలేదుగా!”

“షూట్ ఉందని చెప్పలేదు కదండీ.”

“ఇవన్నీ చెప్పాలా? ‘ఐస్ మేకర్ వింటరైజింగ్’ అని జనం వెతికి మరీ చూస్తారు. మళ్ళీ నీళ్ళెక్కించు. నేను తీస్తున్నట్టు తీద్దాం.”

“ఇప్పుడు నీళ్ళెక్కిస్తే ట్రే చల్లబడి మళ్ళీ నీళ్ళు లాగడానికి గంట పైన పడుతుందండీ. వంట కూడా కాలేదు.”

“ఈలోపు వంట చేసెయ్. ఏముంది?”

కుళాయి తిప్పాను. పంపు వేశాను, ఐస్ మేకర్ తీగ కిందికి దించాను. అన్నం పెట్టి, పప్పుకి టమాటాలు తరుగుతూ ఐస్ మేకర్‌లోకి నీళ్ళు దిగే చప్పుడు కోసం చెవి పెట్టుకున్నాను. నేను గంట కష్టపడి తీసిన నీళ్ళు మళ్ళీ దాన్లోకి వెళ్తున్నాయి. నన్ను బాధపెట్టింది ఆ గంట కాదు. ఈ గంట కూడా పోతే అడగడానికి నాకు సమయం మిగలదు. నాలుగింటికి బండి కదులుతుంది. రేపు పొద్దున పదింటికి రిజిస్టరు మూసేస్తారు. ఈ రెంటి మధ్య నేను పప్పు తిరగమోత పెడుతున్నాను. మంచంమీద ఇషిత పాత హిందీ పుస్తకం ఎన్నోసారో చదువుకుంటోంది. ఆ పుస్తకం వెనక మూడో తరగతి అని ఉంది. ఇది నేను ఎవరితో చెప్పుకోను? అమ్మతో చెప్తే సర్దుకుపొమ్మంటుంది. ఈయనతో చెప్తే మళ్ళీ మొదలెట్టానంటాడు. పొద్దున భానుమతికి, ‘మీ ఇంటి వెనక గది ఇంకా ఖాళీగానే ఉందా’ అని మెసేజ్ టైపు చేసి పంపకుండా ఉంచేశాను. పప్పు దించి ఆ మెసేజ్ పంపేశాను. నిమిషంలో జవాబు వచ్చింది. ‘ఉంది. తాళం కింది ఇంటి ఆంటీ దగ్గర పెట్టాను. నువ్వు అడుగుతావని నెల నుంచీ చూస్తున్నా.’

రెండింటికి షూటింగ్ మొదలైంది. కిరీటి జాకెట్ మార్చుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. నేను ఆయన ఫోన్ పట్టుకున్నాను. కుళాయి కట్టి, పంపు ఆపి, స్క్రూలు ముందే వదులు చేసి ఉంచాను, ఆయన చేతికి సులువుగా రావాలని. ఆయన రేకు తీశాడు, మొదటి పైపు విప్పాడు, మగ్గులోకి నీళ్ళు పడ్డాయి. కెమెరా వైపు తిరిగి, “చూశారుగా ఫ్రెండ్స్! అంతే. మన ఐస్ మేకర్ స్పీతికి రెడీ,” అన్నాడు.

“రెండో పైపు విప్పలేదండీ. వాల్వ్‌లో నీళ్ళున్నాయి,” అన్నాను ఫోన్ దించకుండానే.

“అబ్బా, మధ్యలో మాట్లాడకు. అది తర్వాత నువ్వు తీసెయ్. వీడియోకి ఇది చాలు.”

“మీరే తియ్యండి. కుడిపక్క నట్టు. ఎడమకి తిప్పాలి. విప్పాక వాల్వ్ వంచి దులపండి. రెండు చెంచాలొస్తాయి. ఏప్రిల్‌లో నీళ్ళు వదిలేముందు తిరిగి బిగించాలి, గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ విరుగుతుంది. పానా డ్రైవర్ సీటు కింద ఉంటుంది.”

“ఇదంతా నాకెందుకు చెప్తున్నావ్?” నవ్వాడు. “నువ్వున్నావుగా.”

“నేనుండను.”

నా గొంతు మామూలుగానే వచ్చింది. పప్పు అయిందని చెప్పేటప్పుడు ఎలా వస్తుందో అలా. కిరీటి ఒక క్షణం నన్ను చూశాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. రేకు పక్కన సరిగ్గా నిలబడి జాకెట్ సర్దుకున్నాడు.

“సరే, ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసెయ్. మళ్ళీ మొదట్నుంచి చెప్తా. రెడీ?”

నేను ఫోన్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. బండెక్కి, టీసీ ఉన్న బ్యాగు భుజాన వేసుకుని, ఇషితను షూస్ వేసుకోమన్నాను.